లోడు పడితేనే బయటపడే లోపం

ఇంట్లో కట్టుకున్న అమెచ్యూర్ రేడియో పలకకపోయినా, పలుకుతూ మధ్యలో ఆగిపోయినా, కట్టినవారి అనుమానం ముందుగా ఆసిలేటరు మీదికో, చేత్తో చుట్టిన కాయిళ్ల మీదికో, ట్రాన్స్‌మిటరు చివరి దశలోని ట్రాన్సిస్టర్ల మీదికో పోతుంది గానీ, వాటన్నిటికీ కరెంటు అందించే పవర్ సప్లై దాకా రావడానికి చాలా సమయం పడుతుంది. ఇందుకు కిట్ల పద్ధతి కూడా కొంత కారణమే. కిట్టు పెట్టెలో పవర్ సప్లై సాధారణంగా ఉండదు. 12 నుంచి 13.8 వోల్టుల డీసీ ఇవ్వాలని సూచన పత్రం ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోతుంది కాబట్టి, సప్లై అనేది రేడియోకు బయటి వస్తువు అన్న భావన కొత్తగా ఈ విద్యలోకి వచ్చినవారిలో స్థిరపడిపోతుంది. సర్క్యూటులో ప్రతి సంకేతమూ సప్లై నుంచి వచ్చిన కరెంటును మలచగా ఏర్పడేదే కనుక, సప్లైని రేడియో తొలి దశగా లెక్కించి వెతుకులాటను అక్కడినుంచి మొదలుపెట్టడమే సరైన క్రమం.

ఈ విషయాన్ని తెలుగు నేల మీద పుట్టిన ఒక రేడియోను ఉదాహరణగా తీసుకుని పరిశీలించవచ్చు. హైదరాబాదుకు చెందిన అష్హర్ ఫర్హాన్ రూపొందించిన బిట్‌ఎక్స్ అనే ట్రాన్స్‌సీవరు, అంటే ప్రసారమూ గ్రహణమూ రెండూ చేసే పరికరం, మన బజార్లలో దొరికే మామూలు విడిభాగాలతో 14 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం మీద సుమారు 6 వాట్ల శక్తితో పనిచేసేలా తయారైంది. కాయిళ్లు చుట్టడానికి ఖరీదైన ఫెరైట్ వలయాల బదులు నల్లాలకు వాడే వాషర్లను సూచించిన ఆ డిజైను, దిగుమతి సరుకు అందుబాటులో లేనివారికి కూడా హెచ్‌ఎఫ్ రేడియోను చేరువ చేసింది. దాని వారసులైన బిట్‌ఎక్స్40, మైక్రోబిట్‌ఎక్స్ బోర్డులు చాలావరకు సిద్ధం చేసిన రూపంలో దేశదేశాలకు వెళ్లాయి. ఈ కుటుంబంలోని రేడియోలన్నిటికీ ఉమ్మడి లక్షణం ఒకటుంది: వింటున్నప్పుడు ఇవి తీసుకునే కరెంటు ఆంపియరులో చిన్న భాగమే అయినా, మాట్లాడుతున్నప్పుడు గొంతు హెచ్చుతగ్గులను అనుసరించి అది 2 ఆంపియర్ల దాకా ఎగబాకుతుంది. పవర్ సప్లై వల్ల వచ్చే లోపాల్లో అధిక భాగానికి మూలం ఈ తేడాలోనే ఉంది.

సప్లైని రేడియో నుంచి విడదీసి మల్టీమీటరు పెట్టి చూస్తే 13.8 వోల్టులు కనిపించవచ్చు. ఆ అంకె దాదాపు ఏమీ చెప్పదు. డిజిటల్ మీటరు లోపలి నిరోధం సుమారు కోటి ఓములు కనుక అది సప్లై నుంచి లాగే కరెంటు మైక్రోఆంపియరు లెక్కల్లో ఉంటుంది. ఆ మాత్రం కరెంటును ఎండిపోయిన కెపాసిటరూ, సగం ఊడిన సోల్డరూ కూడా నిరాటంకంగా ఇస్తాయి. కాబట్టి రేడియో తీసుకునేంత కరెంటు తీసుకునే మరో వస్తువును సప్లైకి తగిలించి, ఆ స్థితిలో వోల్టేజీ కొలవాలి. ఇలా తగిలించే భారాన్నే లోడు అంటారు. వాహనాల ఇండికేటర్లలో వాడే 12 వోల్టుల 21 వాట్ల బల్బు దాదాపు 1.75 ఆంపియర్లు తీసుకుంటుంది గనుక బిట్‌ఎక్స్ తరగతి రేడియోకు అది చక్కని నకలు. అయితే చల్లగా ఉన్న ఫిలమెంటు నిరోధం చాలా తక్కువ కావడంతో వెలిగే క్షణంలో బల్బు అనేక రెట్ల కరెంటు గుంజుతుంది. ఓవర్‌లోడు పడగానే కరెంటును బాగా తగ్గించేసే రక్షణ ఉన్న సప్లైలు ఆ క్షణంలోనే ముడుచుకుని, మంచివై ఉండి కూడా చెడ్డవిగా కనిపిస్తాయి. అలాంటి చోట 6.8 ఓముల 50 వాట్ల రెసిస్టరు వాడితే ఈ భ్రమకు తావుండదు.

సంప్రదాయ లీనియర్ సప్లైలో, అంటే ట్రాన్స్‌ఫార్మరుతో వోల్టేజీ తగ్గించి, నాలుగు డయోడ్ల బ్రిడ్జితో ఏసీని ఒకే దిశలోకి మళ్లించి, పెద్ద కెపాసిటరుతో చదును చేసి, రెగ్యులేటరుతో స్థిరపరిచే సప్లైలో, లోపం ఎక్కడున్నదో చెవే సగం చెప్పేస్తుంది. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది; నాలుగు డయోడ్లూ పనిచేస్తుంటే కెపాసిటరు సెకనుకు 100 సార్లు నిండుతుంది కనుక చదును చాలనప్పుడు స్పీకరులో వినిపించే హమ్, అంటే మంద్రమైన గుంయ్‌కారం, 100 హెర్ట్జ్‌ది అవుతుంది. ఒక డయోడు తెగిపోతే కెపాసిటరు నిండేది 50 సార్లే; హమ్ అంతకంటే బరువైన, లోతైన స్వరానికి దిగిపోతుంది. ఈ రెండు స్వరాలకూ తేడా పట్టగలిగిన చెవికి, ముట్టుకోవలసింది కెపాసిటరునా, డయోడునా అన్నది మూత తీయకముందే తెలిసిపోతుంది.

కెపాసిటరు ఎంత పెద్దదై ఉండాలన్నది చిన్న లెక్క. రెండు నిండుడుల మధ్య దాదాపు 10 మిల్లీసెకన్ల పాటు లోడును కెపాసిటరే మోయాలి కనుక, 1000 మైక్రోఫారడ్‌ల కెపాసిటరు మీద 1 ఆంపియరు పడితే వోల్టేజీ సుమారు 10 వోల్టులు జారుతుంది. 2 ఆంపియర్ల రేడియోకు 10,000 మైక్రోఫారడ్‌లు పెడితే ఆ జారుడు, అంటే రిపిల్, 2 వోల్టులకు పరిమితమవుతుంది. ఈ లెక్క వాస్తవం కంటే కొంచెం ఎక్కువే చూపుతుంది గానీ, డిజైనుకు అది మేలే. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు లోపలి ద్రవం ఏళ్లు గడిచే కొద్దీ, వేడిమి పెరిగే కొద్దీ ఎండిపోతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారుగా సగమవుతుందని ఇంజనీర్లు లెక్క వేస్తారు. అందుకే హీట్ సింకుకు ఆనించి పెట్టిన కెపాసిటరును ముందుగా అనుమానించాలి.

ఇక్కడ మన పల్లెల కరెంటు గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి, ఎందుకంటే విదేశీ పుస్తకాల్లోని సలహాలు ఈ విషయాన్ని లెక్కలోకి తీసుకోవు. వ్యవసాయ మోటార్లన్నీ ఒకేసారి నడిచే వేళల్లో 230 వోల్టులు ఉండవలసిన చోట 170 మాత్రమే ఉండటం పల్లెవాసులకు కొత్త కాదు. 15 వోల్టుల సెకండరీ ఉన్న ట్రాన్స్‌ఫార్మరు అప్పుడు 11 వోల్టులే ఇస్తుంది. దాని శిఖర విలువ 15.7 వోల్టులలో బ్రిడ్జి డయోడ్లు 1.4 వోల్టులకు పైగా తినేయగా, రిపిల్ లోయల్లో మిగిలేది 12 వోల్టుల చిల్లర. 12 వోల్టులిచ్చే 7812 రెగ్యులేటరు సరిగ్గా పనిచేయాలంటే లోపలికి వచ్చే వోల్టేజీ బయటికి పోయేదానికంటే కనీసం 2 వోల్టులు ఎక్కువ ఉండాలి కాబట్టి, అలాంటి వేళ అది చేతులెత్తేసి, లోయలను ఉన్నవి ఉన్నట్టుగా రేడియోకు పంపించేస్తుంది. పగలు బాగా పలికిన రేడియో సాయంత్రం హమ్ చేస్తున్నదంటే విడిభాగాలు మార్చడానికి ముందు గోడ ప్లగ్గులో వోల్టేజీ కొలవడం అవసరం. ఇదే వ్యవహారానికి రెండో కొస కూడా ఉంది. అర్ధరాత్రి మోటార్లు ఆగి, లైను 260 వోల్టులకు లేచినప్పుడు, లోడు లేని అదే ట్రాన్స్‌ఫార్మరు కెపాసిటరును 24 వోల్టులకు మించి నింపగలదు. 25 వోల్టుల కెపాసిటరు పెట్టినవారు దాన్ని ప్రమాదపు అంచున నిలబెట్టినట్టే. కనీసం 35 వోల్టులది వాడటం మన పరిస్థితుల్లో విధిగా పాటించవలసిన జాగ్రత్త.

రెగ్యులేటరు విషయానికి వస్తే, హామ్‌ల, అంటే అమెచ్యూర్ రేడియో నడిపేవారి, ఇళ్లలో దశాబ్దాలుగా నిలిచిన జోడీ 723 అనే ఐసీ, 2ఎన్3055 అనే పవర్ ట్రాన్సిస్టరు. 1960ల చివర ఫెయిర్‌చైల్డ్ సంస్థలో రూపొందిన 723 ఇప్పటికీ దొరుకుతున్నదంటే, దాని నిర్మాణంలోని స్పష్టతే కారణమని చెప్పవచ్చు. లోపాలు వెతికేవారికి ఇంత నిజాయితీగా సమాధానం చెప్పే ఐసీ మరొకటి అరుదు. దాని 6వ కాలు మీద దాదాపు 7.15 వోల్టుల ప్రమాణ వోల్టేజీ ఉంటుంది. 13.8 వోల్టులిచ్చే మామూలు అమరికలో ఆ ప్రమాణం 5వ కాలుకు చేరుతుంది. సప్లై అవుట్‌పుటును రెండు రెసిస్టర్లతో భాగించి వచ్చిన నమూనా 4వ కాలుకు వస్తుంది. ఈ రెండింటినీ పోల్చి, తేడా లేకుండా ఉండేలా పవర్ ట్రాన్సిస్టరును నడపడమే ఐసీ చేసే పని. కాబట్టి సప్లై ఆరోగ్యంగా ఉంటే 4, 5 కాళ్ల వోల్టేజీలు కొన్ని మిల్లీవోల్టుల తేడాతో సమానంగా ఉండి తీరాలి.

లోపం వచ్చినప్పుడు ఈ రెండు కొలతలు ఎంత చెబుతాయో గమనించదగినది. అవుట్‌పుటు తక్కువగా ఉండి, 4వ కాలు 5వ కాలు కంటే తక్కువ చూపిస్తే, ఐసీ మరింత కరెంటు కోరుతున్నా అందడం లేదని అర్థం. అప్పుడు తప్పు పవర్ ట్రాన్సిస్టరులోనో, చాలని ముడి వోల్టేజీలోనో, కరెంటు పరిమితిలోనో ఉంటుంది. 2, 3 కాళ్ల మధ్య 0.65 వోల్టుల దాపు కనిపిస్తే పరిమితి రంగంలోకి దిగిందని, అంటే బయట ఎవరో మితిమీరి లాగుతున్నారని నిర్ధారించుకోవచ్చు. అవుట్‌పుటు ఎక్కువగా ఉండి 4వ కాలు కూడా 5వ దాని కంటే ఎక్కువ చూపిస్తే, ఐసీ ఆపమంటున్నా పవర్ ట్రాన్సిస్టరు ఆగడం లేదు. అది షార్టయి, లోపలి 20 వోల్టులనూ నేరుగా రేడియో మీదికి వదులుతున్నది. అవుట్‌పుటు ఎక్కువగా ఉండి 4వ కాలు సున్నా దగ్గర పడి ఉంటే, నమూనా తెచ్చే తీగో రెసిస్టరో తెగింది కాబట్టి ఐసీ గుడ్డిగా పైపైకి నెడుతున్నది. నాలుగు రకాల రోగాలను కొన్ని కాళ్ల వోల్టేజీలతోనే వేరు చేయగలిగే ఈ సౌకర్యాన్ని వదులుకుని, ఐసీతో మొదలుపెట్టి ఒక్కొక్క భాగాన్నీ ఊడబీకి మార్చుకుంటూ పోవడం శ్రమనూ డబ్బునూ వృథా చేయడమే కాక, మంచి బోర్డు మీది రాగి గీతలను కూడా పాడుచేస్తుంది.

రెండు మూడు 2ఎన్3055లను పక్కపక్కన కలిపి వాడిన సప్లైల్లో ఒక్కొక్క ట్రాన్సిస్టరు ఎమిటరు దారిలో 0.1 ఓము రెసిస్టరు ఉంటుంది. రెండు ట్రాన్సిస్టర్లు 2 ఆంపియర్లను సమానంగా పంచుకుంటే ఒక్కో రెసిస్టరు మీద 0.1 వోల్టు కనబడాలి. ఒకదాని మీద సున్నా, రెండోదాని మీద 0.2 వస్తే, మొదటిది పేరుకు మాత్రమే ఉండి రెండోది మొత్తం భారాన్ని ఒంటరిగా మోస్తున్నదని తేలుతుంది. అలాంటి సప్లై అప్పటికి బాగానే పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది కనుక లోపం ముదిరేదాకా ఎవరూ పట్టించుకోరు. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో గానీ, చెన్నై రిచీ స్ట్రీటులో గానీ ఈ ట్రాన్సిస్టర్లను కొనేటప్పుడు పైన ముద్రించిన అంకెను గుడ్డిగా నమ్మకుండా, లోడు మీద పరీక్షించి తీసుకోవడం మంచిది. చిన్న చిప్పును పెద్ద తొడుగులో పెట్టి పేరు మార్చి అమ్మే సరుకు ఈ నంబరుతో ఎంతోకాలంగా చలామణిలో ఉంది.

పవర్ ట్రాన్సిస్టరు షార్టయితే రేడియో కాలిపోకుండా కాపాడేది క్రోబార్ అనే రక్షణ. అవుట్‌పుటు దాదాపు 15 వోల్టులు దాటగానే ఒక జీనర్ డయోడు ఎస్‌సీఆర్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్చును మేల్కొలుపుతుంది; అది సప్లైని కావాలని షార్టు చేసి ఫ్యూజును కాల్చేస్తుంది. మైక్రోబిట్‌ఎక్స్ తొలి బోర్డుల్లో వాడిన టీడీఏ2822 ఆడియో ఐసీ గరిష్ఠంగా 15 వోల్టుల దాకానే తట్టుకోగలదన్న సంగతి గుర్తుంచుకుంటే, ఇంత చవకైన రక్షణను వదిలేయడం ఎంత పొరపాటో అర్థమవుతుంది. కొన్ని సప్లైల్లో క్రోబార్ కారణం లేకుండా, సరిగ్గా మాట్లాడినప్పుడే పడుతుంది. యాంటెన్నా బదులు 50 ఓముల డమ్మీ లోడు పెట్టి మాట్లాడినప్పుడు అది పడకపోతే, దోషి రెగ్యులేటరు కాదు. యాంటెన్నా నుంచి తిరిగి వచ్చిన రేడియో తరంగాలు సప్లై తీగలెక్కి 723నో ఎస్‌సీఆర్‌నో తికమక పెడుతున్నాయి. 0.01 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్లను అవుట్‌పుటు టెర్మినళ్ల దగ్గర, ఎస్‌సీఆర్ గేటు దగ్గర చిన్న కాళ్లతో సోల్డర్ చేస్తే చాలాసార్లు అది సర్దుకుంటుంది.

రేడియో లోపలి చిన్న రెగ్యులేటర్లు వేరే రకం తంటా తెస్తాయి. బిట్‌ఎక్స్40లో పౌనఃపున్యాన్ని నిర్ణయించే రాడ్యునో బోర్డు మీద 5 వోల్టులిచ్చే 7805 ఉంటుంది. 13.8 వోల్టులు లోపలికి తీసుకుని 150 మిల్లీఆంపియర్లు బయటికి ఇస్తే మిగిలిన 8.8 వోల్టులు వేడిగా మారతాయి, అంటే 1.3 వాట్లు. హీట్ సింకు లేని ఆ తొడుగు ప్రతి వాట్‌కూ సుమారు 65 డిగ్రీలు వేడెక్కుతుంది కాబట్టి చుట్టుపక్కల గాలి కంటే 86 డిగ్రీలు ఎక్కువకు చేరుతుంది. చలి దేశంలో గది ఉష్ణోగ్రత 20 డిగ్రీలుంటే ఇది పెద్ద సమస్య కాదు. రామగుండంలోనో విజయవాడలోనో మే నెల మధ్యాహ్నం 44 డిగ్రీల్లో లోపలి చిప్పు 130 డిగ్రీలకు చేరి, మూసిన పెట్టెలో అయితే ఇంకా పైకి పోయి, తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. చల్లారగానే మళ్లీ లేస్తుంది. ఇరవై నిమిషాలకు ఒకసారి డిస్‌ప్లే ఆరిపోయి తిరిగి వెలిగే రేడియోలో ప్రోగ్రామును తప్పుపట్టేవారు ఎక్కువ. ఆ చిన్న ఐసీకి ఒక అల్యూమినియం రేకు బిగించి చూడటం వారికి ముందుగా తట్టదు.

డిస్‌ప్లే ఆరిపోవడం మాట్లాడిన క్షణంలోనే జరిగితే అది వేడి వల్ల కాదు, తీగల వల్ల. సన్నని హుకప్ తీగ, అంటే 0.2 చదరపు మిల్లీమీటర్ల రాగి ఉన్నది, పోనూ రానూ కలిపి 4 మీటర్లు వాడితే నిరోధం మూడో వంతు ఓము ఉంటుంది. 2 ఆంపియర్లకు 0.7 వోల్టులు దానిలోనే పోతాయి. దీనికి తుప్పు పట్టిన ఫ్యూజు హోల్డరు, వదులైన డీసీ ప్లగ్గు, మొసలి క్లిప్పులు తలా కొంత కలుపుతాయి. ఇలాంటి నష్టాన్ని పట్టుకునే పద్ధతి సులువైనదే గానీ చాలామంది వాడరు: లోడు మీద ఉండగా మీటరు రెండు ప్రోబులనూ ఒకే తీగ రెండు కొసలకూ పెట్టాలి. మంచి తీగ కొన్ని పదుల మిల్లీవోల్టులు చూపుతుంది. వందలు చూపించిన చోటు దొరికితే వెతుకులాట పూర్తయినట్టే. మోర్స్ పంపేటప్పుడు స్వరం 'కుయ్' మని జారడం, అవతలివారు గొంతు వణుకుతున్నదని చెప్పడం కూడా ఇదే జబ్బు లక్షణాలు కావచ్చు, ఎందుకంటే సప్లై కుంగినప్పుడు సరైన రెగ్యులేషను లేని ఆసిలేటరు దానితో పాటు కదులుతుంది.

ఫ్యూజు పోయిన రేడియోకు మరో ఫ్యూజు పెట్టడం మరమ్మతు అనిపించుకోదు. గాజు లోపల నల్లగానో, వెండి పూతలానో మసి పట్టి ఉంటే గట్టి షార్టు జరిగిందని, తీగ మధ్యలో నీటుగా తెగి ఉంటే కొద్దిపాటి అధిక కరెంటు చాలాసేపు పారిందని అది స్వయంగా సాక్ష్యం చెబుతుంది. ప్లస్ మైనస్ తారుమారైతే కాపాడటానికి అడ్డంగా పెట్టిన డయోడు అలాంటి సందర్భంలో షార్టయి అలాగే ఉండిపోతుంది; దాన్ని ఒక కాలు లేపి పరీక్షించకుండా మిగతా రేడియోను అనుమానించకూడదు. అదీ బాగుంటే చూడవలసింది చివరి దశలోని ఐఆర్‌ఎఫ్510 ట్రాన్సిస్టరు. దాని వెనక లోహపు రేకు డ్రెయిన్‌కు కలిసి ఉండటం వల్ల ఎల్లప్పుడూ ప్లస్ వోల్టేజీ మీద ఉంటుంది. హీట్ సింకుకూ దానికీ మధ్య ఉన్న మైకా పొరను ఒక చిన్న లోహపు రజను చీల్చినా పెట్టె మొత్తం సప్లైకి షార్టవుతుంది. స్క్రూకు వేసే ప్లాస్టిక్ బుష్ మరచిపోయినా ఫలితం అదే.

మెయిన్స్ వైపు షార్టును వెతికేటప్పుడు రేడియో, టీవీ మెకానిక్కులు తరతరాలుగా వాడుతున్న సీరీస్ ల్యాంపు కంటే మంచి సాధనం లేదు. 60 వాట్ల ఫిలమెంటు బల్బును లైనులో వరుసగా కలిపితే, సప్లై ఆరోగ్యంగా ఉన్నప్పుడు బల్బు ఒక్క క్షణం మెరిసి మసకబారుతుంది. పూర్తిగా వెలిగి నిలిచిందంటే ట్రాన్స్‌ఫార్మరులోనో బ్రిడ్జిలోనో షార్టు ఉన్నట్టు, కానీ కరెంటు బల్బు మించి పోలేదు కనుక కొత్తగా ఏదీ కాలదు. ఎల్‌ఈడీ బల్బుతో ఈ పని జరగదు కాబట్టి పాత ఫిలమెంటు బల్బు ఒకటి దాచుకోవాలి. ఈ బల్బు షాకు నుంచి మాత్రం ఎవరినీ కాపాడదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా పెద్ద కెపాసిటరులో నిల్వ ఉన్న ఛార్జిని స్క్రూడ్రైవరుతో కొట్టి దింపే అలవాటు కెపాసిటరుకూ చేతికీ మంచిది కాదు. 100 ఓముల 5 వాట్ల రెసిస్టరును క్లిప్పులతో తగిలించి పది సెకన్లు ఆగితే చాలు.

లీనియర్ సప్లై బరువు మోయలేక ఎస్‌ఎంపీఎస్ అడాప్టరు వైపు మళ్లినవారికి ఎదురయ్యేది మరో రకం ఇబ్బంది. అది ఏసీని ముందు డీసీగా మార్చి, దాన్ని సెకనుకు పదుల వేల నుంచి లక్ష సార్లకు పైగా కోసి వోల్టేజీ మార్చుతుంది కాబట్టి, దాని హార్మోనిక్‌లు డయలు మీద సమాన దూరాల్లో గరగరగా వినిపిస్తాయి. బ్యాటరీ మీద వింటే గరగర మాయమైతే తప్పు అడాప్టరుదే. బ్యాటరీ మీద కూడా ఉంటే పొరుగింటి ఎల్‌ఈడీ దీపాన్నో, ఇన్వర్టరునో వెతకాలి. మంచి లీనియర్ సప్లైలోనూ కొన్ని పౌనఃపున్యాల దగ్గర మాత్రమే హమ్ వినిపించవచ్చు. బ్రిడ్జిలోని ప్రతి డయోడుకూ 0.01 మైక్రోఫారడ్ కెపాసిటరును అడ్డంగా పెడితే అది సాధారణంగా పోతుంది.

బ్యాటరీ ప్రస్తావన వచ్చింది కాబట్టి అసలు ప్రయోజనాన్ని కూడా తలుచుకోవాలి. 1983లో స్థాపించిన హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో వంటి సంస్థలు ఈ విద్యను విపత్తు వేళల సమాచార సాధనంగా ముందుకు తీసుకువెళ్లాయి. 2004 డిసెంబరు సునామీ నాటికి అండమాన్‌లో హామ్ కేంద్రం నడుపుతున్న భారతి ప్రసాద్ బృందం ద్వీపాల నుంచి బయటికి సందేశాలు పంపగలిగింది. తుపాను తీరం దాటిన రాత్రి గోడ ప్లగ్గు ఉండదు. మిగిలేది సీసం యాసిడ్ బ్యాటరీ, అదీ నిండుగా ఉన్నప్పుడు 12.6, వాడుతూ పోతే 11.5 వోల్టులకు జారేది, ఛార్జరుకు తగిలించి ఉంచితే 14.4కు ఎక్కేది. కాబట్టి మరమ్మతు చేసిన రేడియోను 13.8 దగ్గర మాత్రమే చూసి పక్కన పెట్టకూడదు. వోల్టేజీ మార్చుకునే వీలున్న సప్లైతో 11.5 దగ్గర డిస్‌ప్లే నిలుస్తున్నదా, స్వరం జారుతున్నదా అని డమ్మీ లోడు మీద మాట్లాడి చూడాలి, 14.4 దగ్గర చివరి ట్రాన్సిస్టర్ల బయాస్ కరెంటు పెరిగిందేమో కొలవాలి. రెండు కొసల దగ్గరా ముఖ్యమైన చోట్ల వోల్టేజీలను, లోడు లేకుండా ఒకటి, లోడు మీద ఒకటి చొప్పున, సర్క్యూటు చిత్రం పక్కనే పెన్సిలుతో రాసి, ఆ కాగితాన్ని పెట్టె మూత లోపల అంటించాలి.